పాత కెమెరా బాడీ ఇచ్చి లెన్స్ తీసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకు, అంటే మిర్రర్‌లెస్‌కు మారాక పాత డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న రకం) బాడీ, అంటే లెన్స్ లేని ఉట్టి కెమెరా, బీరువాలో పడి ఉంటుంది. మంచి లెన్స్ కొందామంటే చేతిలో డబ్బు ఆడదు. ఇంకొకరి దగ్గర వాడని లెన్స్ ఉంటుంది, వాళ్లకు రెండో బాడీ కావాలి. అక్కడ మొదలవుతుంది ఈ బేరం. కింది జవాబులు ఎక్కువగా కెనాన్, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల గురించి. మన పెళ్లి ఫొటోగ్రాఫర్ల మధ్య చేతులు మారే పాత సరుకు ఎక్కువగా అవే కాబట్టి.

బాడీ ఇచ్చి లెన్స్ తీసుకోవడం నిజంగా లాభమేనా?

చాలాసార్లు లాభమే. "బాడీ ధర పడిపోతుంది, లెన్స్ ధర నిలబడుతుంది" అని అందరూ అంటారు. అందులో సగమే నిజం. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాత బాడీ ధర ఒక మెట్టు దిగుతుంది, ముట్టుకోకుండా దాచినా సరే దిగుతుంది. 1992లో వచ్చిన కెనాన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 మాత్రం ఇప్పటికీ పెళ్లి మండపాల్లో పని చేస్తూనే ఉంది. ఇంతవరకు నిజం. మిర్రర్‌లెస్ వచ్చాక డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల ధరలూ దిగాయన్నది రెండో సగం. కెమెరాతోపాటే వచ్చే 18-55 లాంటి కిట్ లెన్సును ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాళ్లు తక్కువ. అడాప్టర్ పెట్టి మిర్రర్‌లెస్ మీద కూడా పూర్తిగా వాడుకోగల ప్రైములు (జూమ్ లేని లెన్సులు), 70-200 ఎఫ్/2.8 స్థాయి జూములు మాత్రం ధర నిలుపుకున్నాయి. మార్పిడి అంటూ చేస్తే వాటికోసమే చేయండి.

నా దగ్గర ఉన్నది ఒకటే బాడీ. అది ఇచ్చేసి మంచి లెన్స్ తీసుకుని, బాడీ తర్వాత కొనుక్కోవచ్చా?

వద్దు. లెన్స్ చేతిలో పెట్టుకుని ఆరు నెలలు బాడీ కోసం ఎదురుచూడటం ఒక ఎత్తు. ఈలోగా లెన్సులో లోపం ఉన్నా తెలుసుకునే దారి లేకపోవడం ఇంకో ఎత్తు. ఒకట్రెండు పెళ్లిళ్ల కోసమే లెన్స్ కావాలంటే రోజు అద్దెకు తెచ్చుకోండి. ఒకే లెన్సుకు ఏడాదిలో కట్టిన అద్దె దాని సెకండ్ హ్యాండ్ ధరలో మూడో వంతు దాటితే అప్పుడు సొంతానికి ఆలోచించండి.

నా బాడీకి ధర ఎలా కట్టాలి?

కొన్న ధర మరచిపోండి. బిల్లు మీద 1,20,000 అని ఉండొచ్చు, ఈ బేరంలో ఆ అంకెకు విలువ లేదు. మూడు ధరలు తెలుసుకుంటే చాలు. మీ మోడల్‌ను సెకండ్ హ్యాండ్ షాపువాడు ఎంతకు కొంటాడు, అదే మోడల్‌ను ఎంతకు అమ్ముతున్నాడు, మనుషులు నేరుగా అమ్ముకుంటే ఎంతకు పోతోంది. మూడోది మొదటి రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, మీ బాడీ ధరా అక్కడే. ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర, అమ్ముడుపోయిన ధర కాదన్నది గుర్తుంచుకోండి. రెండు నెలలుగా అదే ధరకు కదలకుండా ఉన్న ప్రకటన ఆ ధరకు ఎవరూ కొనడం లేదనే చెబుతోంది.

అసలు డబ్బా, కొన్న బిల్లు, కంపెనీ బ్యాటరీ, కంపెనీ ఛార్జర్ ఉంటే బేరం మీ వైపు మొగ్గుతుంది. పాత బ్యాటరీ గ్రిప్, మెమరీ కార్డు, బ్యాగు పైన వేసి "ఇవన్నీ కలిపి" అని ధర పెంచాలని చూస్తే ఎవరూ ఒప్పుకోరు. వాటిని విడిగా అమ్ముకోండి.

పైన డబ్బు ఎవరు ఇవ్వాలి? ఎంత?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. "నా బాడీ తీసుకో, నీ లెన్స్ ఇచ్చి పైన ఐదు వేలు ఇవ్వు" అనగానే మనసు ఆ ఐదు వేల చుట్టూ తిరుగుతుంది. అసలు వస్తువుల ధర ఎవరూ చూడరు. అందుకే ముందు రెండింటినీ విడివిడిగా అమ్మకానికి పెట్టినట్టు లెక్క వేయండి. ఉదాహరణకు (అంకెలు లెక్క కోసమే) మీ నికాన్ డీ750 బాడీ 30,000 పలుకుతుంది, అవతలి 85 ఎంఎం ఎఫ్/1.8జీ లెన్స్ 18,000 పలుకుతుంది అనుకుందాం. వాళ్లు మీకు 12,000 ఇవ్వాలి. లెన్స్ 20,000 అని వాళ్లు పట్టుబడితే 10,000. రెండు వేల తేడా దగ్గర వాదన వస్తే మధ్యకు రండి. కానీ "బాడీకి లెన్స్, లెన్సుకు బాడీ, అటూఇటూ సమానం" అంటే మాత్రం లేచి రండి.

ఇంకో చిట్కా. అవతలివాళ్లను "ఈ లెన్స్ ఉట్టిగా అమ్మితే ఎంతకు ఇస్తారన్నా?" అని ముందే అడగండి. మార్పిడి మాట తర్వాత ఎత్తండి. ధర ఒకసారి నోటి నుంచి వచ్చాక మార్పిడిలో దాన్ని పెంచడం కష్టం.

కెనాన్ వాడుతున్నాను. ఏ లెన్స్ తీసుకుంటే నా మిగిలిన బాడీకి సరిపోతుంది?

మౌంట్ (లెన్స్ బాడీకి బిగించే చోటు) దగ్గర గుర్తు చూడండి. ఎర్ర చుక్క ఉంటే ఈఎఫ్. 1987 నుంచి వచ్చిన ఈ లెన్సులు కెనాన్ ఈఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్‌లన్నిటికీ ఎక్కుతాయి, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) అయినా క్రాప్ (చిన్న సెన్సర్) అయినా. తెల్ల చదరం ఉంటే ఈఎఫ్-ఎస్. అది 1500డీ, 200డీ, 80డీ లాంటి క్రాప్ బాడీలకే. 6డీ, 5డీలకు ఎక్కదు. బలవంతంగా తిప్పకండి, వెనక భాగం లోపలికి పొడుచుకొస్తుంది, అద్దానికి తగులుతుంది.

మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్ బాడీ (2018 నుంచి వచ్చిన ఆర్‌ఎఫ్ మౌంట్) ఉన్నవాళ్లకు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. ఫుల్ ఫ్రేమ్ ఆర్ బాడీ మీద ఈఎఫ్-ఎస్ పెడితే కెమెరా దానంతట అదే క్రాప్ చేసుకుంటుంది, మెగాపిక్సెల్స్ తగ్గుతాయి. ఆర్‌ఎఫ్ లెన్స్ మాత్రం డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఏ అడాప్టర్‌తోనూ పనికిరాదు. అడాప్టర్ లేకపోతే దాని ధర కూడా మీ లెక్కలో కలుపుకోండి.

నికాన్ సంగతేమిటి? మౌంట్ ఒకటే కదా?

ఎఫ్ మౌంట్ 1959 నుంచీ ఉన్నదే, అందుకే చిక్కులూ ఎక్కువ. బయటి నుంచి లెన్స్ చక్కగా ఎక్కుతుంది, లోపల మాత్రం ఒక్కోసారి పని చేయదు.

డీ3000 నుంచి డీ3500 వరకు, డీ5000 నుంచి డీ5600 వరకు ఉన్న బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు. ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8డీ లాంటి డీ రకం లెన్స్ వాటి మీద చేత్తోనే ఫోకస్ చేయాలి. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉంటే లెన్సులోనే మోటార్ ఉన్నట్టు, ఏ బాడీకైనా సరే. ఏఎఫ్-పీ లెన్సులు దీనికి తలకిందులు: అవి కొత్త బాడీలకే. డీ90, డీ3100, డీ3200, డీ5100, డీ7000లకు పనికిరావు. డీ3300, డీ5300, డీ750 లాంటి వాటికి ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి.

నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ సిరీస్‌కు మారినవాళ్లు, ఎఫ్ మౌంట్ లెన్సును దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌ను నమ్ముకుని డీ రకం లెన్సులు తీసుకుంటున్నారు. అందులో మోటార్ లేదు. ఎక్స్‌పోజర్ వస్తుంది, ఆటోఫోకస్ రాదు. జెడ్ బాడీ ఉంటే ఏఎఫ్-ఎస్ జీ రకం (అపెర్చర్ రింగు లేని) లెన్సులకే బేరమాడండి.

సిగ్మా, టామ్రాన్ లెన్సులు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. పేరులో సిగ్మా డీసీ, టామ్రాన్ డీఐ-2 అని ఉంటే అవి క్రాప్ లెన్సులు. కెనాన్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి అవి ఎక్కేస్తాయి కూడా, మూలలు మాత్రం నల్లగా వస్తాయి. అమ్మేవాళ్లు "ఎక్కుతుంది బ్రదర్" అంటే అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

నా బాడీ షట్టర్ కౌంట్ ఎలా చూడాలి? ఎంత ఉంటే ఎక్కువ?

షట్టర్ కౌంట్ అంటే ఇప్పటివరకు షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ సంఖ్య. నికాన్‌లో చూడటం సులువు. ఇప్పుడే తీసిన జేపెగ్ ఫొటో ఎక్సిఫ్ సమాచారంలోనే (ఫైలు లోపల దాగి ఉండే వివరాలు) ఆ సంఖ్య ఉంటుంది, ఎక్సిఫ్ చూపించే ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా కనిపిస్తుంది. అవతలివాళ్లు అడిగితే వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, ఎక్సిఫ్ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఎడిట్ చేసిన ఫొటో కూడా పనికిరాదు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి ఫొటోలో ఆ సంఖ్య ఉండదు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి అందుకోసం ఉన్న సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. ఫైలు పేరులోని నంబరు (ఐఎంజీ_4521 లాంటిది) షట్టర్ కౌంట్ కాదు. 9999 దాటాక అది మళ్లీ మొదటికొస్తుంది, మెనూలో రీసెట్ కూడా చేయొచ్చు.

షట్టర్ ఎన్ని ఫొటోల దాకా నిలుస్తుందని కంపెనీలు పరీక్షించి చెప్పిన అంకెలు ఇవి: కెనాన్ 6డీ, 70డీ, 80డీలకు 1,00,000. కెనాన్ 7డీ, 5డీ మార్క్ 3, 5డీ మార్క్ 4లకు 1,50,000. నికాన్ డీ7000, డీ750లకు 1,50,000. డీ810, డీ850లకు 2,00,000. ఆ అంకె దాటగానే షట్టర్ ఆగిపోదు, దాటకముందు ఆగదన్న హామీ కూడా లేదు. కానీ బేరంలో ఆ గీత పనిచేస్తుంది. పరిమితిలో సగం లోపు ఉంటే ధర నిలుస్తుంది. దగ్గరపడితే అవతలివాళ్లు షట్టర్ మార్పిడి ఖర్చు తగ్గించమంటారు, అది న్యాయమే.

వీడియోకే వాడిన బాడీకి కౌంట్ తక్కువే ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. గంటల తరబడి సెన్సర్ వేడెక్కి ఉంటుంది, హెచ్‌డీఎంఐ రంధ్రం వదులై ఉంటుంది. తీసుకునేవాళ్లు ఆ రంధ్రం కదిపి చూస్తారు.

ఇచ్చే ముందు బాడీని ఎలా సిద్ధం చేయాలి?

ముందుగా సెన్సర్. లెన్స్ పెట్టి ఎఫ్/22, ఐఎస్‌వో 100తో ఖాళీ ఆకాశాన్ని ఫోకస్ లేకుండా తీయండి. మచ్చలు కనిపిస్తే రబ్బరు బ్లోయర్‌తో మౌంట్ కిందికి ఉంచి ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయి, అవి దుమ్ముకన్నా మొండి. బ్లోయర్‌తో పోని మచ్చలుంటే స్వాబ్ క్లీనింగ్ చేయించండి. తుడిచినా అదే చోట అదే ఆకారంలో ఉంటే అది గీత, దాచకండి. నికాన్ డీ600లో దుమ్ము మచ్చలు మళ్లీ మళ్లీ వచ్చే సమస్య ఉండేది, 2014లో కంపెనీ ఉచితంగా షట్టర్లు మార్చింది. ఆ సర్వీసు రసీదు మీ దగ్గర ఉంటే అదే మీ బలం.

తర్వాత సెట్టింగులు. కెనాన్‌లో "అన్ని కెమెరా సెట్టింగులు తుడిచివేయి" నొక్కినా మీ పేరు, కాపీరైట్ వివరం పోవు, వాటికి వేరే ఐచ్ఛికం ఉంది. అది మరిచిపోతే కొత్త యజమాని తీసే ప్రతి ఫొటోలో మీ పేరు పడుతూనే ఉంటుంది. నికాన్‌లో ఇమేజ్ కామెంట్, కాపీరైట్ రెండూ చూసి తీసేయండి. వైఫై, బ్లూటూత్‌లో మీ ఫోన్ జత తొలగించండి. కార్డులు రెండు స్లాట్లలోంచీ తీయండి.

బ్యాటరీ ఆరోగ్యం మెనూలో చూపిస్తుంది. ఎల్‌పీ-ఈ6 వాడే కెనాన్ బాడీల్లో మూడు పచ్చ గడులు మంచిది, ఒక్క ఎర్ర గడి మార్చాల్సినది. ఈఎన్-ఈఎల్15 వాడే నికాన్ బాడీల్లో 0 నుంచి 4 వరకు. 0 కొత్తది, 4 అయిపోయినట్టు.

అవతలివాళ్లు ఏమేం చూస్తారు?

తెలిసినవాళ్లైతే ఇవన్నీ: ఐఎస్‌వో 100, 30 సెకన్లు, మూత పెట్టి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపి తీసిన నల్ల ఫొటోలో రంగు చుక్కలు, అన్ని ఫోకస్ పాయింట్లు, రెండు స్లాట్లు, సీఎఫ్ కార్డు స్లాటులో వంగిన పిన్నులు, హాట్ షూ మీద ఫ్లాష్ వెలగడం, మౌంట్ చుట్టూ, అడుగున స్క్రూల తలలు. స్క్రూ తల చెదిరి ఉంటే ఎవరో విప్పినట్టే. సర్వీసు సెంటర్ రసీదు ఉంటే ముందే చూపించండి, వాళ్లు కనిపెట్టాక చెబితే నమ్మరు. రబ్బరు ఊడటం, తెల్లబడటం పెద్ద లోపం కాదు, అతికించే ఖర్చు తగ్గిస్తే సరిపోతుంది.

లెన్స్ ఎలా పరీక్షించాలి?

సాయంత్రం కాఫీ షాపులో కాదు, పగటి వెలుగులో. మీ సొంత బాడీ, మీ కార్డు, ఫోన్ టార్చి, వీలైతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. అరగంట పడుతుంది. "తొందరగా చూసుకో అన్నా, వెళ్లాలి" అనేవాళ్ల దగ్గర ఇంకో అరగంట అదనంగా చూడండి.

బయట ముందు భాగంలో ఫిల్టర్ బిగించే గట్టు చూడండి. అక్కడ సొట్ట ఉంటే లెన్స్ కింద పడింది. వెనక మౌంట్ స్క్రూలు, బంగారు రంగు కాంటాక్టులు చూడండి.

తర్వాత లోపల. వెనకవైపు నుంచి టార్చి వేసి ముందు నుంచి వాలుగా చూడాలి, అద్దాలు పూర్తిగా తెరిచిన అపెర్చర్‌లోంచి (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) కనిపించాలి. కెనాన్ ఈఎఫ్ లెన్స్ బాడీ నుంచి తీస్తే తెరిచే ఉంటుంది. నికాన్ జీ రకం తీస్తే మూసుకుని ఉంటుంది. మౌంట్ దగ్గరున్న చిన్న లివర్‌ను వేలితో నెట్టి పట్టుకోవాలి. డీ రకమైతే అపెర్చర్ రింగును పెద్ద అపెర్చర్‌కు తిప్పండి. ఇది తెలియక చిన్న రంధ్రంలోంచి చూసి "బాగుంది" అని తీసుకున్నవాళ్లే తర్వాత అంచుల్లో ఫంగస్ చూసి తలపట్టుకుంటారు. లివర్ వదలగానే బ్లేడులు టక్కున మూసుకోవాలి, నెమ్మదిగా జరిగితే వాటి మీద నూనె చేరినట్టు.

రెండు మూడు దుమ్ము కణాలు ఏ లెన్సులోనైనా ఉంటాయి, ఫొటోలో కనపడవు. సాలెగూడు దారాల్లా, చెట్టు కొమ్మల్లా పాకినది ఫంగస్. అద్దం అంతా పొగ పట్టినట్టు ఉంటే అది హేజ్, ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలు పాలిపోతాయి.

ఇక బాడీకి తగిలించి తీయండి. గోడకు న్యూస్ పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద కెమెరా గోడకు సమాంతరంగా ఉంచి, అతి పెద్ద అపెర్చర్‌లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి. నాలుగు మూలల అక్షరాలు ల్యాప్‌టాప్‌లో వంద శాతం పెంచి చూడండి. మూడు మూలలు ఒకలా, ఒక మూల చెదిరి ఉంటే లోపల అద్దం కదిలింది. జూమ్ అయితే రెండు చివర్లలో, మధ్యలో మళ్లీ తీయండి. ఎఫ్/11లో వరసగా పది షాట్లు కొట్టండి. కొన్ని తెల్లగా, కొన్ని సరిగా వస్తే అపెర్చర్ అంటుకుంటోంది.

చేతి వణుకును సర్దే ఐఎస్ (కెనాన్) లేదా వీఆర్ (నికాన్) ఉంటే షట్టర్ సగం నొక్కి వ్యూఫైండర్‌లో చూడండి, బొమ్మ కుదురుకోవాలి. ఎగిరిపడితే ఆ యూనిట్ పోయింది. ఖర్చు పెద్దది, బేరం వదిలేయండి.

కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం (2015లో వచ్చినది) గురించి ఒక మాట. ఫోకస్ చేసేటప్పుడు దీని ముందు గొట్టం బయటికి వస్తుంది. అలా బయటకు వచ్చినప్పుడు బ్యాగులో నొక్కుకుంటే మోటార్ ఇరుక్కుంటుంది. దగ్గర నుంచి దూరానికి ఐదారుసార్లు ఫోకస్ చేసి వినండి. పాత 1.8 రెండో వెర్షన్ ప్లాస్టిక్ మౌంట్, ఐదు బ్లేడులు, 52 ఎంఎం ఫిల్టర్. ఎస్‌టీఎంకు లోహపు మౌంట్, ఏడు బ్లేడులు, 49 ఎంఎం ఫిల్టర్. రెండూ ఒకే ధర కాదు. అలాగే 70-200 ఎఫ్/2.8ఎల్ ఐఎస్‌లో మొదటిది 2001ది, రెండోది 2010ది. పేరులో ఐఎస్ తర్వాత రెండు అనే రోమన్ అంకె ఉందో లేదో కళ్లతో చూడండి, మాట నమ్మకండి.

ఫంగస్ కొంచెమే ఉందంటున్నారు. తీసుకోవచ్చా?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తేమకు ఇది సాధారణం. తోలు సంచిలో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేస్తే హైదరాబాద్‌లోనూ వస్తుంది. ముందు అద్దం అంచున చిన్న పోగు ఉంటే విప్పి శుభ్రం చేయించవచ్చు. మధ్యలోని అద్దాల జంట లోపల ఉంటే, కోటింగును తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. క్లీనింగ్ చేసేవాళ్లను ముందే అడిగి ఆ ఖర్చుకు రెండింతలు ధరలో తగ్గించుకోండి, ఎందుకంటే రేపు మీరు అమ్మేటప్పుడు "విప్పిన లెన్స్" అని మీకూ తగ్గిస్తారు.

తెచ్చాక డ్రై క్యాబినెట్‌లో 40 నుంచి 50 శాతం తేమ దగ్గర ఉంచండి. క్యాబినెట్ లేకపోతే గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్. నీలం జెల్ గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. బియ్యం డబ్బాలో పెట్టకండి, తవుడు పొడి లోపలికి పోతుంది.

ఎర్రర్ 01 వచ్చింది, ఎఫ్‌ఈఈ వచ్చింది. బేరం రద్దు చేసుకోవాలా?

నికాన్‌లో ఎఫ్‌ఈఈ కనిపిస్తే కంగారుపడకండి. డీ రకం లెన్స్ అపెర్చర్ రింగును అతి పెద్ద అంకెకు (16 లేదా 22) తిప్పి తాళం వేయండి, పోతుంది. కెనాన్‌లో ఎర్రర్ 01 అంటే లెన్సుకు, బాడీకి మధ్య మాట అందడం లేదు. కాంటాక్టులు మెత్తని పొడి గుడ్డతో తుడిచి చూడండి. అయినా వస్తుంటే, ముఖ్యంగా పెద్ద అపెర్చర్‌లో రాకుండా ఎఫ్/8లోనే వస్తుంటే, లోపలి ఫ్లెక్స్ కేబుల్ తెగింది. 24-105 ఎఫ్/4ఎల్ మొదటి వెర్షన్‌కు, 17-85కు ఇది పేరుమోసిన రోగం. జూమ్ తిప్పిన కొద్దీ కేబుల్ మడతపడి అలిసిపోతుంది. అందుకే ప్రతి జూమ్ స్థానంలోనూ ఎఫ్/8తో తీసి చూడాలి.

ఫోకస్ కొంచెం వెనక పడుతోంది. లెన్స్ లోపమా, నా బాడీ లోపమా?

స్కేలును 45 డిగ్రీల వాలుగా ఆనించి, మధ్య గీత మీద ఫోకస్ చేసి పెద్ద అపెర్చర్‌లో తీయండి. తర్వాత లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) అదే తీయండి. లైవ్ వ్యూలో సరిగా వచ్చి వ్యూఫైండర్‌లో తప్పితే అది ఆ బాడీ, ఆ లెన్స్ జోడీ సర్దుబాటు. కెనాన్ 7డీ, 70డీ, 80డీ, 6డీ, 5డీ మార్క్ 2, ఆ తర్వాతి 5డీలు, నికాన్ డీ7000, డీ750 లాంటి వాటిలో మెనూలోనే సరిచేసుకోవచ్చు. కెనాన్ 60డీలో, నాలుగంకెల మోడళ్లలో ఆ సదుపాయం లేదు. లైవ్ వ్యూలోనూ తప్పితే లెన్సుదే తప్పు.

షాపులో మార్చుకోవాలా, నేరుగా మనుషులతోనా?

షాపువాడు మీ బాడీకి తక్కువ కడతాడు. అతనికి అద్దె, పన్ను, అమ్ముడయ్యే దాకా నిలవ ఖర్చు ఉన్నాయి. బదులుగా లెన్సుకు నెలో, మూడు నెలలో హామీ రాసిస్తాడు, రేపు వెళ్లి అడగడానికి ఒక చోటు ఉంటుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వైపు, ఢిల్లీ చాందినీ చౌక్ కూచా చౌదరి మార్కెట్‌లో ఒకే వీధిలో నాలుగైదు చోట్ల ధర అడగొచ్చు. మొదటి షాపులోనే బాడీ చేతికివ్వకండి. నేరుగా మనిషితో అయితే ధర బాగుంటుంది, పరీక్ష భారం అంతా మీదే.

ఏ కాలంలో బేరం బాగుంటుంది?

మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలకు ముందు రెండో బాడీకి గిరాకీ ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో పని తగ్గి లెన్సులు అమ్మకానికి వస్తాయి. మార్పిడిలో రెండూ ఒకే రోజు జరుగుతాయి కాబట్టి పూర్తి లాభం దక్కదు. ఓపిక ఉంటే బాడీని ముహూర్తాల ముందు డబ్బుకు అమ్మి, ఆషాఢంలో లెన్స్ కొనడం మార్పిడి కన్నా మేలు.

లెన్స్ దొంగిలించింది అయితే?

కెమెరాలకు, లెన్సులకు ఫోన్లకు ఉన్నట్టు ఐఎంఈఐ లేదు, ఆపేయించే వ్యవస్థ లేదు. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం (2024 జులై 1కి ముందు ఐపీసీ 411). కాబట్టి బిల్లు అడగండి, బిల్లు మీది సీరియల్ నంబరు లెన్స్ మీది నంబరుతో పోల్చండి, గీకేసిన నంబరు ఉంటే ముట్టుకోకండి.

ఒక తెల్ల కాగితం మీద తేదీ, ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, రెండు వస్తువుల మోడల్, సీరియల్ నంబర్లు, ఒక్కోదానికి కట్టిన ధర, పైన ఇచ్చిన డబ్బు, తెలిసిన లోపాలు, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చో రాసి ఇద్దరూ సంతకం చేయండి. గుర్తింపు కార్డు జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా "కెమెరా మార్పిడి కోసం మాత్రమే" అని తేదీతో రాయండి. బాడీ ఇంకా ఈఎంఐలో ఉంటే ముందు అది తీర్చండి.

జీఎస్టీ కట్టాలా?

ఇద్దరూ సొంతానికి వాడుకునేవాళ్లైతే అక్కర్లేదు. స్టూడియో పేరున రిజిస్ట్రేషన్ ఉండి బాడీని వ్యాపార ఆస్తిగా చూపించి ఉంటే మాత్రం ఆడిటర్‌ను అడగండి. సీజీఎస్టీ చట్టం 7వ సెక్షన్‌లో వస్తుమార్పిడి కూడా సరఫరా కిందికే వస్తుంది. పాత సరుకు వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే 32(5) రూల్ కింద తన లాభం మీదే పన్ను కట్టొచ్చు.

అవతలివాళ్లు వేరే ఊళ్లో ఉన్నారు. కొరియర్‌లో మార్చుకోవచ్చా?

ముందు ఎవరు పంపాలన్న దగ్గరే ఆగిపోతుంది. దీనికి సరైన దారి రెండు వేర్వేరు అమ్మకాలుగా చేసుకోవడమే. లేదా ఇద్దరికీ తెలిసినవాళ్ల దగ్గర రెండూ చేరాక విప్పించండి. పంపేటప్పుడు బాడీకి, లెన్సుకు మూతలు పెట్టి, విడివిడిగా బబుల్ షీట్ చుట్టి, డబ్బాలో డబ్బా పెట్టి, మధ్య ఖాళీలో కాగితం కుక్కండి. బ్యాటరీ కాంటాక్టులకు టేపు అంటించండి. సీరియల్ నంబరు కనపడేలా ప్యాకింగంతా ఒకే వీడియో తీయండి, విప్పేవాళ్లనూ అలాగే తీయమనండి.

"సైన్యంలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది, కొరియర్ ఛార్జీ ముందు వేయండి" అన్న కథ వినిపిస్తే ఫోన్ పెట్టేయండి. పైన డబ్బు మీకు రావాల్సినప్పుడు క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టమన్నా అంతే. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు ఖాతాలో జమ చూశాకే బాడీ చేతికివ్వండి.

అమెరికా నుంచి తెచ్చిన బాడీ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. పేరు వేరుగా ఉందని అవతలివాళ్లు తికమకపడితే వివరించండి: అక్కడి కెనాన్ రెబెల్ టీ6 ఇక్కడి 1300డీ, టీ7 ఇక్కడి 1500డీ, టీ7ఐ ఇక్కడి 800డీ. వీడియో పాల్, ఎన్‌టీఎస్‌సీ మెనూలో మార్చుకోవచ్చు. జపాన్ నుంచి వచ్చిన కొన్ని సోనీ బాడీల్లో మెనూ జపనీస్ భాషలోనే ఉంటుంది, తీసుకునే ముందు చూడండి. ఇక్కడి వారంటీ దేనికీ వర్తించదనుకునే ధర కట్టండి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు పని సులువు. కేఈహెచ్, ఎంపీబీ లాంటి సంస్థలు బాడీకి ముందుగా ఒక ధర చెప్పి, చేరాక పరీక్షించి ఖాయం చేస్తాయి, ఆ విలువను లెన్సుకు సర్దుకోవచ్చు. స్థితిని మీరు ఎక్కువ చేసి చెబితే చేరాక ధర తగ్గిస్తారు. ఉన్నదానికన్నా ఒక మెట్టు తక్కువే రాయడం మంచిది.

ఇంటికొచ్చాక లోపం బయటపడింది. ఏం చేయాలి?

కాగితంలో వెనక్కి ఇచ్చే గడువు రాసుకున్నారా లేదా అన్నదే ముఖ్యం. మూడు నుంచి ఏడు రోజులు మామూలు. లోపం కనిపించిన రోజే ఫొటోలు, వీడియో తీసి పంపండి, ఈలోగా లెన్స్ ఎక్కడా విప్పించకండి. విప్పితే లోపం ఎవరి చేతిలో వచ్చిందో తేల్చడం అసాధ్యం. మీ బాడీలో ముందే తెలిసిన లోపం చెప్పకుండా ఇచ్చి ఉంటే అదీ ఇదే సమయంలో బయటికి వస్తుంది, రెండు లోపాలు ఒకదానికొకటి చెల్లు అనుకోవడం కుదరదు. గడువు ముగిసేదాకా పైన వచ్చిన డబ్బు ఖర్చు పెట్టకండి. వెనక్కి తీసుకోవాల్సి వస్తే బాడీతోపాటు అదీ తిరిగి ఇవ్వాలి.